అమ్మకి పోట్లాడే మనిషి కావాలి

హలో… ఆ, నేనే.

లేదురా తమ్ముడూ, ఇంట్లో లేను. అమ్మ దగ్గరే, వృద్ధుల హోమ్‌లో… ఆ, ఆఫీసు నుంచి సరాసరి ఇటే. కాళ్ళు పీకేస్తున్నాయి.

ఎలా ఉందంటే… చెప్తా. నిన్నటిదాకా మాటా లేదు, పలుకూ లేదు. గోడకేసి చూపు. ముద్ద నోట్లో పెడితే నమలడం కూడా మర్చిపోతోంది.

…డాక్టర్నా? అడిగాను. మతిమరుపు తగ్గేది కాదమ్మా, కానీ పలకరించే మనిషి లేకపోతే ఇంకా ముదురుతుంది అన్నాడు.

…తెలుసురా, విడిగది నువ్వే ఇప్పించావు. టీవీ కూడా పెట్టించావు. కాదన్నానా? కానీ టీవీతో ఎవరు పోట్లాడతార్రా?

ఆ… అమ్మతో ఒకే గదిలో ఉండేదే, ఆ టైలరమ్మ గురించే. అబ్బ, పూర్తిగా విను.

నిజమే, అమ్మ మొహాన గ్లాసుడు నీళ్ళు కొట్టింది. నీకు ఒళ్ళు మండింది. మేనేజరమ్మ మీద ఎగిరావు, ఇద్దర్నీ చెరో అంతస్తులో పడేశారు… అమ్మ మంచికే చేశావు, ఎవరు కాదన్నారు?

కానీ ఒక గదిలో ఉన్నన్నాళ్ళూ ఎలా ఉండేవాళ్ళు? ఉప్పూ నిప్పూ! నీ జాకెట్టు కుట్టు వంకర అని ఆవిడ. నీకు పది దాటితే లెక్క రాదని అమ్మ… మరి, లెక్కల టీచరు కదా, ఊరుకుంటుందా! అలా తిట్టుకుంటూనే ప్లేట్లు ఖాళీ చేసేవాళ్ళు.

…నవ్వకు. ఇవాళ నేనో పని చేశా. ఎవర్నీ అడగలేదు. చెయ్యి పట్టుకుని అమ్మని కింద భోజనాల హాల్లోకి తీసుకొచ్చా. ఆవిడ అక్కడే కూర్చునుంది.

అమ్మ చూసింది… చూస్తూ నిలబడిపోయింది… "ఏమే మాయదారిదానా, ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే?" అంది.

ఒట్టురా! అమ్మే!

…నన్ను గుర్తుపట్టిందా అనా? లేదు. నన్ను చూపించి, "ఈ పిల్లెవరు, నీ కూతురా?" అని ఆవిణ్ణే అడిగింది.

…బాధ లేకుండా ఎలా ఉంటుంది? వారం వారం వచ్చే కూతురు గుర్తు లేదు, నీళ్ళు కొట్టినావిడ గుర్తుంది. ఏడుపొచ్చింది. కానీ ఏడవడానికి కూడా ఓపిక లేదురా.

అందుకే నీతో పని. ఫిర్యాదు చేసింది నువ్వు… నువ్వు చెప్తే తప్ప మళ్ళీ ఒక గదిలో ఉంచనంటోంది మేనేజరమ్మ. కాసేపట్లో అమ్మని పైకి తీసుకెళ్ళిపోతారు. మళ్ళీ ఆ గోడే.

…ఆవిడ మళ్ళీ నీళ్ళు కొడితేనా? కొట్టనీ. నీళ్ళేగా, తుడుస్తారు.

…ఆలోచిస్తానంటావేంట్రా! …నీకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది. ఏంటి?

ఏం గోల?

…వెనకాల ఆ అరుపులా? ఎవరివో అనుకున్నావా?

గుర్తుపట్టలేదా… అమ్మవేరా.

…

ఆగు, ఫోన్ పెట్టెయ్యకు.

సరే, నేను చెప్పింది చాలు. ఫోన్ వాళ్ళిద్దరి ముందు బల్ల మీద పెడుతున్నా…

విను.