మూడో ప్లగ్గు

ఆదివారం మధ్యాహ్నం. ఫోన్లో ఇద్దరు: ఇంట్లో ఉన్న భార్య, వానలు మొదలైన రోజుల్లో గొడవపడి వెళ్ళి అద్దె గదిలో ఉంటున్న భర్త.

"అది కాదు, ఇంజను చల్లారిందా అని అడుగుతున్నాను."

"చల్లారకేం. రెండ్రోజుల్నించి బయటికి తియ్యందే."

"అయితే బానెట్ ఎత్తు. ఎత్తావా?"

"ఎత్తాను."

"చప్పుడు కాలేదే."

"మెల్లగా ఎత్తాను. మీలాగా అన్నిటికీ చప్పుడు చెయ్యాలా ఏంటి?"

"సరే, సరే. మెకానిక్కుని పిలవచ్చుగా, నీకెందుకీ తిప్పలు."

"వస్తానన్నాడు, రాలేదు. అతని సంగతి మీకు తెలియందా. మీరు చెప్పండి, నేను చేస్తాను. లేక పనిలో ఉన్నారా?"

"నాకేం పని. చేతులు జిడ్డుగా ఉన్నాయి, స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నాను."

"వంటా?"

"అలాంటిదే."

"ఏం వండుతున్నారు?"

"ఏదో ఒకటిలే. నువ్వు ప్లగ్గుల వైర్లు చూడు. నాలుగూ వరసగా ఉంటాయి. మొదటిదొక్కటే పీకు. నాలుగూ ఒకేసారి పీకెయ్యకు, అల్మరా సర్దినట్టు."

"నేనేమన్నా పిచ్చిదాన్నా?"

"బట్టలన్నీ మంచం మీద గుమ్మరించి, నన్ను కుర్చీలో పడుకోబెట్టినదానివి. వైర్లు అటూ ఇటూ అయితే బండి దగ్గుతుంది గానీ కదలదు."

"గుమ్మరించబట్టే మీ కళ్ళజోడు దొరికింది."

"అది వేరు."

"వేరే."

"రబ్బరు టోపీ పట్టుకుని లాగు. వైరు పట్టుకుని కాదు."

"లాగాను."

"ఆ గుంటలో దుమ్ముంటుంది, ఊదు. లేకపోతే ప్లగ్గు తియ్యగానే లోపలికి పోతుంది."

"ఫూ."

"ఇంకొంచెం."

"ఫూ. కంట్లో పడింది."

"కళ్ళు మూసుకుని ఊదాలని కూడా చెప్పాలా? నలపకు. నీళ్ళతో కడుక్కో."

"పోయిందిలెండి."

"అప్పుడేనా?"

"పోయిందన్నాగా. తర్వాత?"

"పొడుగు పానా దించి ఎడమకి తిప్పు. మొండికేస్తే బలవంతం చెయ్యకు. కాస్త బిగించి, మళ్ళీ వదులు చెయ్యి."

"వచ్చింది."

"చివర ఏ రంగుంది?"

"ఏ రంగుండాలి?"

"చూస్తున్నది నువ్వు కదా."

"నల్లగా ఉంది."

"తడి నలుపా, పొడి నలుపా?"

"పొడి... పొడే."

"ఆఁ. పొడే. ఇప్పుడు కొత్తది చేత్తోనే తిప్పుతూ దించు. పానాతో మొదలుపెడితే మర చెడిపోతుంది. చేత్తో అయితే దాని దారి అది చూసుకుంటుంది."

"చూసుకుంది. అక్కడ నిద్ర పడుతోందా మీకు?"

"పడుతుంది. పై వాటావాళ్ళు మంచం జరుపుతారు రోజూ. ఎవరో ఉన్నార్లే అనిపిస్తుంది. నీకు?"

"నాకేం. టీవీ పెట్టుకుని పడుకుంటున్నాను."

"టీవీ మోగుతుంటే నీకు నిద్ర పట్టదుగా."

"ఇప్పుడు పడుతోంది."

"ఊఁ. రెండోది చూడు."

"రెండోదీ అయింది."

"ఇంత తొందరగానా?"

"చెయ్యి తిరిగిందిగా. మూడోది కూడా తీసేశాను."

"మూడోది తీసేశావా?"

"ఆఁ."

"తేలిగ్గా వచ్చిందా?"

"మీరేగా ఎడమకి తిప్పమన్నారు. తిప్పితే వచ్చింది."

"అడ్డంగా పైపుండాలే. దాన్నేం చేశావు?"

"ఏ పైపు?"

"మూడోదానికి అడ్డంగా ఉంటుందే, అది."

"నాకేం అడ్డం రాలేదే."

"ఆ పైపు ఊడదియ్యందే మూడోదాని మీదికి పానా దిగదు. బండి కొన్నప్పట్నించీ అంతే."

"ఏవండీ."

"చెప్పు."

"ఫోన్ పెట్టెయ్యకండి."

"పెట్టనులే. చెప్పు."

"బండి లేదు. పోయిన వారం అమ్మేశాను. గుమ్మం ముందు అదలా ఉంటే మీరు ఇంట్లోనే ఉన్నారనుకునేవారు అందరూ. పేపరతను కూడా 'సార్ లేచారా' అని అడిగేవాడు. లేచారనే చెప్పేదాన్ని. ఇంక చెప్పలేక అమ్మేశాను. తీరా అమ్మాక గుమ్మంలోకి వెళ్ళబుద్ధి కావట్లేదు."

"మరి ఈ ప్లగ్గులేంటి?"

"ఊరికే ఫోన్ చేస్తే 'ఏం కావాలి' అంటారు మీరు. కిందటిసారి అన్నారు. ఏం కావాలో చెప్పలేక, కుళాయి కారుతోందన్నాను."

"కారట్లేదా?"

"ఎప్పుడూ కారలేదు."

"వాషరు కొనుంచానే నేను."

"ఎందుకు తెచ్చివ్వలేదు మరి?"

"రమ్మని నువ్వన్లేదుగా."

"మీరే వస్తారనుకున్నాను... చెప్పకుండా బండి అమ్మానని కోపంగా ఉందా?"

"అమ్మావని తెలుసు."

"తెలుసా? ఎవరు చెప్పారు? తెలిసి కూడా ఇంతసేపు ఆ వైరు పీకు, ఈ దుమ్ము ఊదు అని నన్ను ఆడించారా?"

"ఆడించలేదు. నీ దగ్గర కొన్నతను తెచ్చి మా వీధి చివర అమ్మకానికి పెట్టాడు. నాలుగు రోజులు దాని పక్కనుంచే నడిచాను. నిన్న ఇంక నడవలేక నేనే కొని గది దగ్గరికి తెచ్చుకున్నాను. నువ్వు ఫోన్ చేసేసరికి బానెట్ ఎత్తే ఉంది. నీకు చెబుతూ రెండు మార్చాను. మూడోదాని దగ్గర లోపలంతా చీకటి. కాస్త వచ్చి లైటు పట్టుకుంటావా?"