పిల్లల ముక్కు తుడవనివ్వని విశ్వనాథం గారు

2001 ఆగస్టు 20వ తేదీన డాక్టర్ విశ్వనాథం గారు అమెరికాలోని క్యారీ పట్టణంలో ఉన్న మా పరిశోధనాలయంలో చేరారు. పిల్లలను నెలల తరబడి వదలని సైనస్ వ్యాధిని, ముక్కు నుంచి తీసిన కాసింత స్రావంతోనే గుర్తించాలన్నది వారి సంకల్పం. వ్యాధిని పట్టి ఇచ్చే ఆ స్రావంలోని ప్రోటీన్లనే బయోమార్కర్లు అంటారు.

తొలి సంవత్సరాలు పరీక్షావిధానాన్ని సరిదిద్దుకోవడంలోనే గడిచాయి. 2007లో అసలు అధ్యయనం మొదలైంది. ఊళ్లోని తెలుగు కుటుంబాలు నమ్మకంతో పిల్లలను తీసుకువచ్చాయి. అయితే జబ్బు పిల్లల నమూనాలకూ, ఆరోగ్యవంతుల నమూనాలకూ తేడా కనిపించలేదు. శీతాకాలం ముగిసేలోగా తేడా తేలకపోతే అధ్యయనాన్ని మూసివేస్తామని పైవారు చెప్పేశారు. విశ్వనాథం గారికి అన్నం సహించలేదు. యంత్రాలను అనుమానించారు, రసాయనాలను అనుమానించారు. తోటివారిని మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

ఒక ఉదయం వారు పార్కింగ్‌లో కారు దిగేసరికి, పక్క కారులో రష్మి అనే తల్లి, నమూనా ఇవ్వడానికి తెచ్చిన నాలుగేళ్ల కూతురు రిషిత ముక్కు పట్టుకుని ఉంది.

"గట్టిగా బ్లో చెయ్ నాన్నా, ఇంకోసారి!"

"ఏం చేస్తున్నావమ్మా?"

"క్లీన్ చేస్తున్నా అంకుల్. చీమిడి ముక్కుతో లోపలికి తెస్తే మీరేమనుకుంటారు?"

"అయ్యో తల్లీ, నాకు కావలసిందే ఆ చీమిడి! దాన్ని టిష్యూలో పారేసి నాకు ఖాళీ ముక్కు తెస్తున్నావా?"

"చూశావా మమ్మీ, అంకుల్‌కి నా బూగర్స్ కావాలంట!" అంది రిషిత.

విచారిస్తే, తల్లులందరూ అదే మర్యాద పాటించారని తేలింది. "ముందుగా చెప్పకపోవడం మన తప్పు" అంటూ విశ్వనాథం గారు ప్రతి ఇంటికీ స్వయంగా ఫోన్ చేసి, క్షమాపణ కోరి, నమూనాలన్నీ మళ్లీ తీయించారు. "దయచేసి ముక్కు తుడవకండి" అని తెలుగులో రాయించి గుమ్మానికి అంటించారు. శీతాకాలం ముగియకముందే తేడా స్పష్టమైంది, అధ్యయనం మూతపడకుండా నిలిచింది. ప్రచురించిన పత్రంలో ఆ పొరపాటును కూడా దాచకుండా రాశారు.

ఈ జూన్ నెలాఖరుకు వారు పదవీ విరమణ చేస్తున్నారు. సాగనంపే వేళలంటే బెంగపడే మాబోటివారికి ధైర్యం చెప్పవలసిన వారే, మొన్నటి విందులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి జేబురుమాలు తీశారు. ఆహ్వానంపై వచ్చిన రిషితకు ఇప్పుడు పన్నెండేళ్లు.

"నో అంకుల్, తుడుచుకోకండి! శాంపుల్ వేస్ట్ అయిపోతుంది!"

అందరం నవ్వేశాం, అందరికంటే ముందు వారే.

పిల్లలకు హాయిగా ఊపిరి ఆడాలని తపించిన ఆ మంచి మనిషికి మా కృతజ్ఞతలు. వారు ఆరోగ్యంతో, గుండెల నిండా ఊపిరి తీసుకుంటూ, తమవారి మధ్య నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. గుమ్మం మీది ఆ కాగితాన్ని మేము తీయం.