పురుగులు ఎంతకాలం బతికాయి

ఆస్పత్రి మంచం మీద ముసలి ప్రొఫెసర్ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఒకప్పటి శిష్యురాలు చూడ్డానికొస్తే చాలు, ఆయన మొదట అడిగేది తన పాత పరిశోధన పేపర్‌ని ఎంతమంది తమ పేపర్లలో ప్రస్తావించారన్న అంకె గురించే.

"ఈ నెల ఇంకా పెరిగింది సార్. చాలామంది మీ పేపర్‌ని ప్రస్తావించారు."

"చూశావా! ఒంట్లో ఒక ప్రోటీన్ పెంచితే పురుగులకి ముసలితనం ఆలస్యంగా వస్తుందంటే అప్పట్లో నవ్వారు. ఇప్పుడేమంటున్నారు?"

అలా ప్రస్తావించినవాళ్లంతా ఆయన చెప్పింది తప్పని తేల్చినవాళ్లే.

"అందరూ మీతోనే మొదలుపెడుతున్నారు సార్."

"మరి నీ కొత్త పేపర్లో?"

"అందులోనూ మీ పేరుంది."

"పేరు సంగతి సరేనమ్మా. నీ పురుగులు ఎంతకాలం బతికాయి?"

ఆమె ఆ అంకె కనిపిస్తున్న ఫోన్‌ని బోర్లా పెట్టేసింది.

"మామూలు పురుగులు బతికినంతే సార్. మీదే నిజమవుతుందేమోనని మళ్లీ మళ్లీ చేశాను."

ఆయన దుప్పటి అంచు నలుపుతూ అడిగాడు.

"పురుగుల ప్లేట్ల మీద రాసింది దాచేసి, ఏవి ప్రోటీన్ పెంచినవో తెలియకుండానే లెక్కపెట్టావా?"

"మీరు నేర్పినట్టే సార్."

"అయితే నీదే నిజం. ఇకమీదట వచ్చినప్పుడు ఆ అంకె నాకు చెప్పకు తల్లీ."