ఎనభై దాటాక

కారుకి తగిలించి లాక్కెళ్ళే క్యారవాన్లు అద్దెకిస్తాడు సదాశివరావు. ఇవాళ ఒకదాన్ని తనే తోలుతున్నాడు. అది ఎందుకు ఊగుతోందో చూడ్డానికి మానేసర్ వర్క్‌షాపు నుంచి వచ్చిన కావేరి పక్క సీట్లో కూర్చుంది. పోయినేడు ఇలాగే ఊగి ఇతగాడి బండి తిరగబడితే కేసు డ్రైవరు క్రాంతి నెత్తిన పడింది. ఎల్లుండే వాయిదా, ఈయన సాక్ష్యమే నిలిస్తే క్రాంతికి జైలు. ఈవిడ క్రాంతికి అక్క అని మహానుభావుడికి తెలీదు. సోహ్నా దాటి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కారు.

“నీళ్ళ ట్యాంకు నిండా ఉందా సార్?”

“ఫుల్లు. రెండొందల లీటర్లు. షవర్ లేకపోతే ఫ్యామిలీలు రారమ్మా.”

“ఎక్కడ పెట్టించారు?”

“వెనక.”

“చక్రాలకి వెనకా?”

“వెనకంటే వెనకే. ముందు బెడ్డుందిగా. ఇంతకీ ఎందుకు ఊగుతోందో చెప్పవేం?”

“స్పీడు ఎనభై దాటనివ్వండి, చెప్తాను.”

“అసలు బండిలో ఏం లేదు. అంతా తోలేవాడి చేతిలో ఉంటుంది. పోయినేడు ఒకడు తిరగేశాడు.”

“బ్రేకు వెయ్యలేదా?”

“వేస్తేగా. కోర్టులో అదే చెప్పా. ఊగగానే బ్రేకు వేసుంటే ఆగిపోయేది.”

“అచ్ఛా. ఎనభై ఐదు సార్.”

“అదిగో, మొదలైంది. చూశావా, ఇటు లాగుతోంది. ఇదేంటి, ఇవాళ మరీ...”

“బ్రేకు వెయ్యండి.”

“ఆగు, ఆగు.”

“ఊగగానే వెయ్యాలన్నారుగా. వెయ్యండి.”

“వేస్తే పల్టీ కొడుతుంది. పిచ్చా నీకు?”

“అంటే క్రాంతి వెయ్యకపోవడం తప్పు కాదన్నమాట.”

“క్రాంతి పేరు నీకెలా... అమ్మా, ముందు ఏం చెయ్యాలో చెప్పు.”

“తప్పా, కాదా?”

“కాదు, కాదు!”

“మరి తప్పెవరిది?”

“నాదే. ట్యాంకు వెనక వద్దని వాడు మొత్తుకుంటూనే ఉన్నాడు, నేనే వినలేదు. దణ్ణం పెడతా, చెప్పు తల్లీ.”

“యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యండి. స్టీరింగు అటూ ఇటూ తిప్పకండి, తిన్నగా పట్టుకోండి. బ్రేకు జోలికి పోకండి. ఆఁ, అంతే. డెబ్భై. అరవై. ఇక ఊగదు.”

“నువ్వెవరు?”

“క్రాంతి అక్కని. ఆ రోజు నుంచి మావాడు స్టీరింగు ముట్టుకోలేదు. వెనక బరువెక్కువైతేనే ఇలా ఊగేది. ట్యాంకు చక్రాల ముందుకి జరిపించండి, ఈ పీడ వదులుతుంది.”

“చూడమ్మా, ప్రాణభయంలో ఏదో అన్నాను. ఎల్లుండి కోర్టులో మాత్రం అనను. ఇక్కడ మనిద్దరమే, విన్నదెవరు?”

“డ్రైవర్ల మాటలు వినడానికి అద్దం పక్కన కెమెరా పెట్టించుకున్నారుగా సార్. మీరు చెమట తుడుచుకుంటుంటే దాని మెమరీ కార్డు తీసి జేబులో వేసుకున్నాను.”