నెవెంకా పేరుకు పలకని గొంతులు

కంప్యూటర్లు ఒకదానికొకటి ఉత్తరాలు పంపుకునే నియమాలను రాసింది నెవెంకా. పేరు వేసుకున్నది ఆమె పై అధికారి. ఆమె పోయిన మూడేళ్లకు, ల్యుబ్లియానాలో ఆమె పనిచేసిన సంస్థ నుంచి పాత సహోద్యోగి ఒకడు ఆమె భర్త గుమ్మంలోకి వచ్చాడు.

"కొత్త హాలుకి ఆవిడ పేరు పెడుతున్నామండీ. ఫలకం మీరే ఆవిష్కరించాలి."

"ఎవరు తేల్చారు, నాయనా?"

"అందరం. మా సభల్లో చేతులెత్తం కదా, ఒప్పుకున్నవాళ్లు హుమ్మంటారు. ఈసారి గది మారుమోగింది."

"నియమాల మీద ఆమె పేరుండాలా అని అడిగిననాడూ అలాగే తేల్చారట. ఒక్క గొంతూ లేవలేదట. నువ్వెక్కడున్నావు?"

"పక్క కుర్చీలో."

"జలుబు చేసిందా?"

"అప్పుడు ఉద్యోగం కొత్తండీ."

"ఇప్పుడు పింఛనూ వచ్చింది, గొంతూ వచ్చింది. సంతోషం. వినాల్సిన మనిషే లేదు."

"మీరు రాకపోతే బాగోదండీ."

"బాగోకపోతే పోనీ. చచ్చేదాకా ఈ మాట నేనెత్తను. నువ్వూ నా గడపలో ఎత్తకు."