కొసలు గుండ్రం చేసిన అక్షరాలు

అక్క గది. మధ్యాహ్నం. తమ్ముడు అప్పుడే ప్రింటు తీసిన కాగితంతో వచ్చాడు.

“చీకట్లో కూర్చున్నావేంటక్కా? ఉండు, లైటు వేస్తాను.”

“బల్బు వేడికి తలపోటొస్తోందని ఆర్పేశాలే. తెచ్చావా?”

“తెచ్చాను, ఇదే ఆఖరిది. మందుల కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారక్కా! చూపు మందగించినవాళ్ళ కోసం డబ్బాల మీద మన అక్షరాలే వేస్తున్నారు.”

“మనవేంటి, నీవి.”

“నీవే. మొదట్లో ఎలా గీశానో గుర్తుందా? కొసలన్నీ కత్తితో కోసినట్టు...”

“మేకుల్లా గుచ్చుకుంటున్నాయన్నాను.”

“అన్నావు. అలిగి వెళ్ళిపోయాను. మళ్ళీ నేనే కూర్చుని ఒక్కో కొసా గుండ్రం చేశాను. తోకలూ సోకులూ వద్దన్నావు, తీసేశాను. నిటారుగా నిలబడి దబాయిస్తున్నాయన్నావు...”

“కుడివైపుకి కాస్త వాల్చమన్నాను.”

“వాల్చాను. కంపెనీలో ఒకడు నవ్వాడు కూడా. చూపు ఆననివాళ్ళకి వాలు అక్షరాలేంటి, తిన్నగా ఉంటేనే తంటాలు అని. చూపు మందగించిన మా అక్కే చూసి చెప్పింది, నీకేం తెలుసన్నాను.”

“అంత మాటన్నావా?”

“అనకేం? ఉద్యోగం పోయి మంచమెక్కినవాణ్ణి లేపి కూర్చోబెట్టావు. సరే, చదువు.”

“టీ తాగు ముందు.”

“తర్వాత. చదువక్కా.”

“రోజూ చదివేదేగా!”

“ఒక్కసారి. నీ నోట వింటే గానీ నాకు తృప్తి ఉండదు.”

“ఇటివ్వు. ఊఁ... ‘ఎదురింటి టైలరు ఝామ్మని ఈల వేస్తూ బొత్తాం కుట్టాడు.’ హాయిగా ఉందిరా. వెన్న రాసినట్టున్నాయి. ... ఏంట్రా, మాట్లాడవు? ఏదైనా మింగేశానా?”

“ఏం చదివావక్కా?”

“అదే, మన టైలరు. అక్షరాల వంపులన్నీ అందులో వస్తాయని మొదటిరోజు నువ్వే కదా చదివి వినిపించావు?”

“ఇవాళ టైలరు లేడు. కంపెనీవాళ్ళు పంపిన మాటలు వేశాను. ‘రోజుకు ఒక్క మాత్రే వేసుకోవాలి’ అని.”

“వెలుతురు చాలట్లేదురా. ఆ లైటు వెయ్యి.”

“లైటు వేసే ఉందక్కా.”

“వేశావా?”

“ఎప్పట్నుంచి?”

“వదిలెయ్యరా. టీ చల్లారిపోతుంది.”

“ఎప్పట్నుంచి అక్కా? డబ్బాలు అచ్చుకెళ్ళిపోయాయి. ఎవరో చూపు ఆనని ముసలాయన వాటిని నమ్ముకుని... కుడివైపుకి వాల్చమన్నావే, అప్పుడు కనపడిందా?”

“నువ్వు మళ్ళీ మంచమెక్కుతావని భయమేసిందిరా. ఏదో ఒక వంక పెడితే, దిద్దుకుని మర్నాడు మళ్ళీ వచ్చేవాడివి. నువ్వొస్తే నాకూ బాగుండేది.”

“అప్పుడు కనపడిందా అని అడుగుతున్నా!”

“మేకుల్లా గుచ్చుకుంటున్నాయన్నానే... అప్పటికే నాకు కాగితం కూడా కనపడట్లేదురా.”