పెద్దకోడలు మెట్లెక్కిన రోజు

హలో… ఆఁ, నేనే అక్కయ్యా, బస్టాండు అనౌన్సర్నే. ఈ గొంతుతో ఇంకెవరుంటారు?

… అరవడం లేదండీ. నా మామూలు గొంతే ఇది. పాతికేళ్ళుగా మైకుతో కాపురం చేస్తున్నవాణ్ణి, గుసగుసలు ఎక్కణ్ణించి తేను?

మీరెలా ఉన్నారు? కుట్లు విప్పారా? … పోన్లెండి. పక్క మంచం అక్కయ్య సొంత మంచం ఎక్కిందంటే నాకదే చాలు. … అప్పుడే పది రోజులైందా ఇంటికొచ్చి!

నేనా? బానే ఉన్నాను. … తింటున్నా. … ఆఁ, పడుకుంటున్నా కూడా. … మళ్ళీ డ్యూటీలో చేరి మూడు వారాలు దాటింది. ఇంట్లో కూచుని ఏం చేయమంటారు? అక్కడన్నీ గోడలు, ఇక్కడన్నీ గొడవలు. గొడవే నయం.

… నెల. నిన్నటికి సరిగ్గా నెల, మా ఆవిడ పోయి.

… లేదక్కయ్యా, ఏడవలేదు. రాలేదు. రావలసిన బస్సు ఎక్కడుందో డిపోవాళ్ళకే తెలియనప్పుడు 'ఆలస్యముగా నడుచుచున్నది' అని చెప్పేసి కూచుంటాం చూడండి… అలా కూచున్నాను.

… జోకు కాదు. అంటే, జోకే అనుకోండి. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేస్తోంది. లోపలికి మాత్రం ఏదీ పోవడం లేదు.

సీరియలా? … చూశాను, ఇప్పుడే కదా అయింది. వెయిటింగ్ హాల్లో టీవీ నా గది అద్దానికి ఎదురుగానే ఉంటుంది. రెండింటికి మొదలు, రెండున్నరకి…

… ఆఁ.

… చూశానంటున్నాగా. పోయింది. పెద్దకోడలు పోయింది. మొహం మీదికి దుప్పటి లాగారు, అదీ చూశాను.

… అక్కయ్యా, మీరెందుకు ఫోన్ చేశారో అర్థమైంది. దొరికిపోయాను. ఒప్పుకుంటున్నా.

అవును, వార్డులో నేను చెప్పింది వేరే కథ. పెద్దకోడలు కళ్ళు తెరవడం, నడవడం, ఇంటికి రావడం, మేడ మీద గదిలో కుట్టుమిషను కొట్టు పెట్టడం… అన్నీ నావే. సీరియల్లో ఆవిడ మంచం దిగితేగా!

… మొదట్లో కావాలని కాదు. మా హాల్లో టీవీకి సౌండుండదు. నా అనౌన్సుమెంట్లకి అడ్డమొస్తుందని నొక్కేశారు. టీవీ మూగది, మొగుడు వాగుడుకాయ. బొమ్మలు వాళ్ళవి, మాటలు నావి. నాకు ప్లాట్‌ఫారాలు తెలుసు గానీ ప్లాటు ఏం తెలుసు? ఆ దట్టపు కనుబొమ్మలాయన డాక్టరో విలనో వారం దాకా తేల్చుకోలేకపోయాను.

… విలనా? నేను డాక్టరని చెప్పానే మీ అందరికీ!

… డాక్టరే, కానీ విలనా? సరే, సగం మార్కులు నాకూ వేయండి.

ఒక్క నిమిషం అక్కయ్యా, లైన్లోనే ఉండండి. మైకు…

'దయచేసి వినండి. ఏడో నంబరు బస్సు రెండవ ప్లాట్‌ఫారము నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. దిగువారు దిగిన తరువాతనే ఎక్కవలెను.'

… ఆఁ, చెప్పండి.

… ఎందుకంటే… ఎందుకంటే ఆ పెద్దకోడలికి మా ఆవిడ జబ్బే పెట్టారు వాళ్ళు. సౌండు లేకపోయినా తెలిసింది. అవే గొట్టాలు, అదే సీసా, తలగడ దగ్గర అదే బల్ల. డ్యూటీ దిగి నాలుగింటికల్లా ఆస్పత్రికొచ్చేవాణ్ణి కదా. పైకొచ్చేసరికి మీరిద్దరూ తలగడలకి ఆనుకుని తయారుగా ఉండేవారు. 'ఇవాళేమైంది?' అనేది మా ఆవిడ. నేనింకా సంచీ కింద పెట్టకముందే.

కోమాలోకి వెళ్ళిందే అని చెప్పనా? వాళ్ళు కోమా పెట్టారు, నేను కామా పెట్టి ముందుకెళ్ళిపోయాను. 'లేచి కూచుంది' అన్నాను. అంతే. ఒకసారి లేపాక మళ్ళీ పడుకోబెట్టడం నా వల్ల కాలేదు.

… నవ్వకండి, కుట్లు పడ్డ చోట లాగుతుంది.

… ఆఁ, ఆ నర్సమ్మ! నర్సా ఆవిడ, కసుర్సు! 'ఇది వార్డా, బస్టాండా' అని కసిరింది కదూ. 'రెండు చోట్లా వెయిటింగే కదమ్మా' అన్నాను. ఆ రోజు మా ఆవిడ నవ్వింది. మిగతా రోజుల్లో మాత్రం పేచీ పెట్టేది. 'ఇది సహజంగా లేదండీ' అనేది. 'అన్నాళ్ళు పడుకున్న మనిషి అలా ఎలా నడుస్తుంది?' అని. నేనేమో సీరియల్ వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించేవాణ్ణి. 'సీరియల్లో సహజం వెతుకుతావేమే, పిచ్చిదానా' అని.

… ఇవాళ్టి చావా? అది సహజమా మీ దృష్టిలో?

… అదే నేనూ అనేది! పావుగంట పట్టింది ఆవిడకి పోవడానికి. ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ నిలబడ్డారు, డ్రైవరుతో సహా. ఒక్కో మొహం మూడేసిసార్లు చూపించారు. జడలో ఒక వెంట్రుక చెదరలేదు. మొగుడు మొదటి నుంచీ చివరిదాకా చెయ్యి పట్టుకునే ఉన్నాడు…

… ఏం లేదు. వింటున్నా.

… మా ఆవిడ పోయేటప్పుడు నేను కింద ఉన్నాను అక్కయ్యా. మందుల చీటీ పట్టుకుని లైన్లో. నా ముందు ఇంకా నలుగురున్నారు. మీరూ లేరు, మిమ్మల్ని స్కానింగుకి తీసుకెళ్ళారు. పైకొచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. స్టూలు మీద కూచోమన్నారు, కూచున్నాను. నేల తుడిచే ఆవిడ వచ్చి 'కాస్త కాళ్ళు పైకెత్తండి' అంది. ఎత్తాను. తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను మాత్రం దించలేదు. ఎంతసేపో తెలీదు. మందులు ఒళ్ళో పెట్టుకుని, రెండు కాళ్ళూ గాల్లో పెట్టుకుని అలాగే… తర్వాత ఎవరో వచ్చి 'తడి ఆరిపోయిందండీ' అన్నారు. అప్పుడు దించాను.

ఇలాంటివి సీరియల్లో చూపించరు. చూపిస్తే సహజంగా లేదంటారు.

అక్కయ్యా, ఒకటడుగుతాను. మీరు రాత్రింబవళ్ళు పక్కనే ఉన్నారు. నేను చెప్పింది నమ్మే పోయిందా? పెద్దకోడల్లాగా తనూ లేచి ఇంటికొచ్చేస్తాననుకుందా? … నాకు చెప్పాల్సినవేవో ఉండి ఉంటాయి కదా. పాతికేళ్ళ కాపురం. అవి చెప్పనివ్వకుండా నేను కుట్టుమిషను కథతో అడ్డం పడ్డానేమో. నోరు మూసుకుని ఒక్కరోజు వింటే ఏం పోయేది? నెల నుంచీ నాకు తెలుస్తున్నది ఇదొక్కటే. తక్కినదేదీ తగలడం లేదు.

… ఏమిటీ?

… మళ్ళీ చెప్పండి.

… పాత సీరియలా?

… పన్నెండేళ్ళ కిందటిదా ఇది? కాదే… రోజూ కొత్తగా వస్తోందిగా!

… మూల 'పునఃప్రసారం' అని ఉంటుందా? ఇంత దూరానికి ఏం కనబడుతుంది! నా కళ్ళకి బస్సు నంబర్లే తప్ప మరోటి ఆనదు. … అంటే రిపీటని తెలియక నేను రిపేరు మొదలుపెట్టానన్నమాట.

… అప్పుడు నేను డ్యూటీలో ఉండేవాణ్ణి. ఇంట్లో తనేం చూసేదో నాకేం తెలుసు? అడిగితేగా.

… ఆగండి. అయితే మా ఆవిడ…

… మొత్తం చూసిందా. ఒక్కటి మానకుండా.

… మొదటి రోజు నుంచీ తెలుసా. నేను కామా పెట్టిన రోజు నుంచీ.

… 'చెప్పకు అక్కా, ఎంతవరకూ లాక్కెళ్తారో చూద్దాం' అందా.

… ఊఁ.

… నేను వెళ్ళిపోయాక అసలు కథ మీకు చెప్పేదా? ఇద్దరూ కూచుని రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని…

… ఏది బాగుందనేది?

… చెప్పండి, ఏమనుకోను. … కనుబొమ్మలాయన్ని మంచి డాక్టరుని చేసింది బాగుందందా. ఆఁ.

… తెలిసిన కథ మళ్ళీ చూస్తే కంగారుండదు, మనుషుల్ని తీరిగ్గా చూసుకోవచ్చు అనేదా? … మనుషుల్ని అంటే? టీవీలో వాళ్ళనేనా?

… నాకెందుకు చెప్పలేదు మీరు ఇన్నాళ్ళూ? ఆ రోజు గేటు దాకా వచ్చారు, చక్రాల కుర్చీలో. వార్డంతా వినేలా కథలు చెప్పినవాణ్ణి, నాకు ఒక్క వర్డు చెప్పలేకపోయారా?

… ఎవరు వద్దన్నారు?

… ఇవాళే చెప్పమందా. పెద్దకోడలు పోయే ఎపిసోడ్ వచ్చిన రోజున చెప్పమందా. వేళ్ళ మీద లెక్కపెట్టుకుందా ఏ రోజొస్తుందో. … అందుకా మీరు రెండున్నర దాటీ దాటగానే చేశారు.

ఏమని చెప్పమంది?

… ఉండండి. ఈ గది తలుపేస్తాను.

… ఆఁ, చెప్పండి.

… 'అంతా బాగానే చెప్పారు గానీ…'

… 'నలభై రోజులు మంచం పట్టిన మనిషి లేచిన మర్నాడే మేడ మెట్లు ఎక్కదు. అది మాత్రం సహజంగా లేదు.'

… అంతేనా? ఇంకేం అనలేదా?

… 'తక్కినదంతా అలాగే ఉంచమను.'

… ఊఁ. … విన్నాను.

… లేదు, ఏడవడం లేదు. ఇప్పుడూ రాలేదు. ఫోను ఈ చేతిలోకి మార్చుకున్నాను, అంతే. … నిజంగానే. మీకు అబద్ధం చెప్పి ఏం లాభం, ఎలాగూ అన్నీ తెలిసినవాళ్ళే నాకు దొరికారు.

… అవును. మెట్లు. నేను ఆలోచించలేదు. కొట్టు కింద గదిలోనే పెట్టించాల్సింది. కిందైతే వచ్చేవాళ్ళకీ సులువు. తట్టలేదు.

అక్కయ్యా, పెద్దకోడలు పోయింది కదా. ఇంకేముంది, సీరియల్ అయిపోయినట్టేనా?

… ఇంకా ఆరువందల ఎపిసోడ్లా!

… ఆరువందలు. … అన్ని ఎపిసోడ్లూ ఏం చేస్తాడు ఆవిడ మొగుడు?

… ఎందుకు నసుగుతారు? మా ఆవిడ మీకు చెప్పే ఉంటుందిగా.

… వద్దులెండి, నిజమే. రోజుకొకటి చూస్తాను. కాకపోతే నాకు సౌండుండదు. … మీరే ఫోన్ చేస్తారా? సరే. రేపు రెండింటికి ఫోను మీ టీవీ దగ్గర పెట్టండి, బొమ్మ నేనిక్కడ చూస్తాను. మైకులో మాట్లాడాల్సొచ్చినప్పుడు పోయిన మాటలు తర్వాత చెబుదురుగాని.

… ఒక్క మాట. మార్చకండి. ఆ మొగుడు ఏం చేసినా సరే, ఉన్నదున్నట్టు చెప్పండి. నేను తట్టుకోలేనని మంచి డాక్టర్లని తేకండి.

… సరే. … తింటానన్నాగా. మీరు బరువులెత్తకండి. … ఉంటాను మరి. అయ్యో, ఉండండి, మూడింటి బస్సు వచ్చేసింది, పెట్టేయకండి, ఒక్క నిమిషం…

'దయచేసి వినండి. మూడు గంటల బస్సు ఒకటవ ప్లాట్‌ఫారము మీదకు వచ్చియున్నది. దిగువారు దిగిన తరువాతనే ఎక్కవలెను. … మెట్లు… ఎత్తుగా ఉంటాయి. ఒంట్లో బాగాలేనివారు తొందరపడొద్దు. నెమ్మదిగా ఎక్కండి. బస్సు ఆగుతుంది.'

… ఆఁ, విన్నారా. … ఉంటానక్కయ్యా. రేపు రెండింటికి.